జేబుల్లేని కోటు

నోట్లో బంతి ఉంది.

మింగకూడదు. ఉమ్మకూడదు. నోరు తెరవకూడదు.

ఎలియాన్ నడుస్తోంది... పరుగెత్తకుండా నడుస్తోంది. పరుగెత్తే మనిషి మీద కెమెరా చూపు పడుతుంది. మాంటే కార్లోలో కెమెరా లేని గోడను వెతకడం కంటే దేవుడికి మొక్కుకోని జూదగాణ్ణి వెతకడం తేలిక.

సాయంత్రం ఆరు నలభై. మే నెల ఆఖరు. సూర్యుడు ఇంకా కొండ మీదే కూర్చున్నాడు. దిగే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

దాక్కోవడానికి చీకటైనా లేదు!

వెనక ఎతువాల్ కాసినో. సిబ్బంది వాడే వెనక తలుపు. ఆ తలుపు లోపల, మెట్ల కింద, ఒరెంగో శవం. గంట క్రితం ఆమెతో కాఫీ తాగిన మనిషి.

తల తిప్పి చూడాలని ఉంది. చూడదు. ఏడవాలని ఉంది. నోట్లో బంతి పెట్టుకుని ఏడవడం కుదరదు.

ఆమె పేరు ఎలియాన్ గస్తో. నలభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఎతువాల్‌లో రౌలెట్ చక్రం తిప్పుతున్న క్రూపియే. పుట్టింది ఈ ఊళ్ళోనే. ఊరంతే ఉన్న ఈ దేశంలో పుట్టినవాళ్ళు జూదం ఆడకూడదు, చట్టం ఒప్పుకోదు. ఆడించొచ్చు. వంటవాడికి ఉపవాసం అన్నమాట.

ఆమెకి చక్రం తిప్పడం నేర్పినవాడు ఒరెంగో. బల్లల మీద పర్యవేక్షకుడు. అరవై దాటినా నడుం వంగని మనిషి. ఈ సాయంత్రం నాలుగో బల్ల చక్రం తనిఖీ చేసి, బంతి మార్చి, పాత బంతిని విశ్రాంతి గదిలో ఆమె అరచేతిలో పెట్టాడు.

“దీని కడుపులో ఇనుముంది పిల్లా” అన్నాడు మెల్లగా. “బల్ల కింద అయస్కాంతం. ఏ అంకె కావాలంటే ఆ అంకె. దీన్ని చేసిన చెయ్యి ఒకప్పుడు చక్రం తిప్పిందే. పనితనం చూస్తే తెలుస్తోంది. మొహమే తెలీదు.”

ఎవరికి చెప్పాలి అని అడిగింది ఎలియాన్. లాయర్ వియాల్‌కి ఫోన్ చేశానన్నాడు. యూనియన్ కేసులన్నీ చూసే లాయర్. కొండ మీద, ఫ్రాన్సు వైపు, బోసొలెయ్‌లో ఉంటాడు. తనకేమైనా అయితే బంతి ఆయనకే అందాలన్నాడు. ‘ఏమవుతుంది, ముసలి చాదస్తం కాకపోతే’ అని నవ్వింది ఆమె.

ఆ నవ్వు ఇప్పుడు గుచ్చుకుంటోంది.

అరగంట తర్వాత మెట్ల పైనుంచి తొంగి చూస్తే కింద ఒరెంగో. మెడ వంకర తిరిగి ఉంది. పక్కనే బాతెస్తి. కాసినో సెక్యూరిటీ పెద్ద. కోర్సికా మనిషి, ఆరడుగుల పైన ఇంకో జానెడు. ఎవరూ అడగకముందే వాకీటాకీలో చెబుతున్నాడు... జారి పడ్డాడని.

అడగకముందే!

ఎలియాన్ వెనక్కి నడిచింది. సెల్‌ఫోన్లు డ్యూటీలో లాకర్లోనే ఉండాలి, లాకర్ల గది బాతెస్తి వెనక ఉంది. క్యాంటీన్ గోడ మీది ఫోన్ తీసి వియాల్‌కి కలిపింది. వియాల్ గొంతు మెత్తగా ఉంది, వేడినీళ్ళలో నానబెట్టినట్టు. తను జన్మలో కాసినో గడప తొక్కలేదన్నాడు. బంతుల సంగతి తెలీదు గాని చట్టం సంగతి తెలుసన్నాడు. కాసినో సొత్తు పట్టుకుని పోలీసుల దగ్గరకు వెళితే ముందు దొంగ అని లోపలేస్తారనీ, వివరాలు తర్వాత అడుగుతారనీ చెప్పాడు. ముందు తన దగ్గరకు రమ్మన్నాడు. కఫే మిమోసా. రోడ్డు దాటగానే.

ఇక బంతిని ఎలా తీసుకెళ్ళాలి?

క్రూపియే కోటుకి జేబులుండవు. పైకి కుట్టు కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు. జేబులే కాదు, చేతులనీ నమ్మరు. బల్ల వదిలి లేచిన ప్రతిసారీ రెండు అరచేతులూ తట్టి, అటూ ఇటూ తిప్పి, పైనున్న కెమెరాకి చూపించాలి. ఏమీ పట్టుకెళ్ళడం లేదు మహాప్రభో అని. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఇంట్లో భోజనం చేసి లేచినా ఆమె చేతులు తట్టి తిప్పుతుంది. కూతురు పడీపడీ నవ్వుతుంది.

కొక్కేనికి ఎవరిదో నారింజ రంగు ఓవరాల్ వేలాడుతోంది. కార్ల పోటీ వారం కదా... ఊళ్ళో సగం మంది ట్రాక్ పక్కన జెండాలు ఊపే మార్షల్సే. కోటు మీదే తొడుక్కుంది. టోపీ పెట్టుకుంది. దీనికి ఎనిమిది జేబులున్నాయి. కానీ ప్రతి గేటు దగ్గరా జేబులు బోర్లించి చూపించమంటారు.

అందుకే నోరు.

చిన్న రేగుపండంత బంతి. ఎడమ బుగ్గలో ఒదిగింది.

ఏడు గంటలకి ఆమె మళ్ళీ నాలుగో బల్ల దగ్గర ఉండాలి. ఏడు దాటి ఒక్క నిమిషానికి ఖాళీ కుర్చీ కెమెరాలో కనిపిస్తుంది. అప్పుడు ఊరంతా ఆమె ఫొటో తిరుగుతుంది.

ఇరవై నిమిషాలు. అంతే.

మామూలు రోజుల్లో ఇక్కణ్ణుంచి ఫ్రాన్సు ఆరు నిమిషాల నడక. బజ్జీలు కొనుక్కోవడానికి వెళ్ళొచ్చినట్టు వెళ్ళొస్తారు. పోటీ రోజుల్లో ఈ ఊరు ఊరు కాదు, పంజరం. రోడ్డుకి రెండు వైపులా ఉక్కు పట్టీలు. వాటి మీద మూడు నిలువుల వల. కార్లు కాసినోని చుట్టి గింగిరాలు కొడుతుంటాయి. ఏడున్నరకి గేట్లు తీసేదాకా లోపలున్నవాడు లోపలే... దాటడానికి ఒకే ఒక ఇనప వంతెన.

వంతెన మొదట్లో కాపలా కుర్రాడు. తిన్నగా ఆమె దగ్గరకే వచ్చాడు.

“జేబులు మేడమ్.”

బోర్లించింది. ఎనిమిదీ. ఒకదాంట్లోంచి ఎవరిదో నలిగిన లాటరీ టికెట్ పడింది.

ఎక్కడ డ్యూటీ అని అడిగాడు. ఆమె గొంతు చూపించి చెయ్యి ఊపింది.

“అరిచి అరిచి పోయిందా? మా నాన్నకీ అంతే, గురువారానికే మూగవాడైపోతాడు. మా అమ్మ ఏడాదంతా ఈ వారం కోసమే చూస్తుంటుంది. వెళ్ళండి.”

వెళ్ళింది.

వంతెన సగంలో ఉండగా కింద కారు దూసుకుపోయింది. ఇనుము మొత్తం వణికింది. పళ్ళు వణికాయి. బంతి జారి నాలిక మీదికి వచ్చింది... గొంతు వైపు దొర్లింది...

తల వంచింది. నాలికతో తోసింది. మళ్ళీ బుగ్గలోకి.

కళ్ళ నిండా నీళ్ళు.

వంతెన దిగితే లిఫ్ట్. కొండ మీది వీధికి ఎక్కడానికి ఊరంతా వాడే లిఫ్ట్. లోపలికెళ్ళి మీట నొక్కింది. తలుపులు మూసుకుంటున్నాయి. ఇంకో జానెడు... ఇంకో బెత్తెడు...

మధ్యలో ఒక చెయ్యి!

తలుపులు తెరుచుకున్నాయి. బాతెస్తి లోపలికి వచ్చాడు.

ఎలియాన్ టోపీ కిందికి లాక్కుంది. తొమ్మిది వందల మంది సిబ్బంది ఉన్న కాసినోలో ఒక్కో మొహం ఆయనకి గుర్తుండదు. ఆయన వెతికినా వెతికేది నల్ల కోటు వేసుకున్న ఆడమనిషిని. నారింజ రంగుని కాదు. ఊపిరి పీల్చుకో. ముక్కుతో.

లిఫ్ట్ కదిలింది. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఈదడానికి కుడితి ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

బాతెస్తి కబుర్ల మనిషి. రేపు వాన పడుతుందా, ట్రాక్ మీద మీవాళ్ళేమంటున్నారు అని అడిగాడు. ఆమె గొంతు చూపించింది. అయ్యో అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. కోటు జేబులోంచి చిన్న డబ్బా తీశాడు.

“యూకలిప్టస్ బిళ్ళ. మా ఊరిది. నోట్లో వేసుకోమ్మా, రాత్రికల్లా పాటలు పాడతావ్.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“మొహమాటమా? వేసుకో.”

కాగితం విప్పి మరీ చేతికిచ్చాడు. ఆమె పెదాలనే చూస్తున్నాడు, బిడ్డకి మందు తాగించే తల్లిలా.

ఎలియాన్ పెదాలు కొంచెం తెరిచింది. బిళ్ళని లోపలికి నెట్టింది.

టక్!

బిళ్ళ వెళ్ళి బంతికి తగిలింది.

లిఫ్ట్‌లో ఇంకే చప్పుడూ లేదు. బాతెస్తి తల పక్కకి వంచాడు.

“పెట్టుడు పళ్ళా?” నవ్వాడు. “మా అమ్మవీ ఇలాగే మోగుతాయి.”

ఆమె కూడా నవ్వింది. పెదాలతో.

లిఫ్ట్ ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. బయట ఎండ, గాలి, కుక్కపిల్లని చంకలో పెట్టుకున్న ముసలావిడ. బాతెస్తి చెయ్యి చాపాడు, బిళ్ళ చుట్టిన కాగితం తనకిచ్చెయ్యమని. పోటీ వారం చెత్తబుట్టలు ఎత్తేస్తారు కదా. మర్యాద తెలిసినవాడే.

ఎలియాన్ కాగితం ఇచ్చింది.

ఇచ్చి...

అరచేతులు తట్టింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది.

కెమెరాకి చూపించింది!

ఇరవై రెండేళ్ళు. తను చెయ్యలేదు, చేతులే చేశాయి. ‘నన్ను పట్టుకో’ అని నుదుటి మీద రాసుకున్నా ఇంతకంటే స్పష్టంగా ఉండదు.

బాతెస్తి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన చూపు ఆ చేతుల మీద, తర్వాత ఓవరాల్ మెడ దగ్గర తొంగి చూస్తున్న నల్ల కోటు అంచు మీద.

“నువ్వా” అన్నాడు.

ఎలియాన్ దూకింది. ముసలావిడని తప్పించుకుని, కుక్కపిల్ల మొరుగుతుంటే, మెట్ల మీదికి. వెనక బరువైన అడుగులు. చెయ్యి పట్టి ఆపలేడు, పైన కెమెరా ఉంది, ముసలావిడ ఉంది. కానీ వెంటపడగలడు. పడుతున్నాడు.

మెట్లు. నూట ఎనభై. చిన్నప్పుడు లెక్కపెట్టింది, మర్చిపోలేదు.

నోరు తెరిచి ఊపిరి పీల్చుకోలేదు. ముక్కు చాలడం లేదు. ముప్పై... అరవై... కళ్ళ ముందు నల్ల చుక్కలు. బిళ్ళ కరుగుతోంది, నోరంతా నీళ్ళూరుతోంది, బంతి చేపలా జారుతోంది. తొంభై. ఒరెంగో నవ్వు గుర్తొచ్చింది. ‘తొందరపడకు పిల్లా, చక్రం ఆగేదాకా ఏ బంతీ కుదురుకోదు’ అనేవాడు. ఆయన్ని మెట్ల మీంచి తోసేశారు. కుక్కని తోసినట్టు. ఆయన జారి పడ్డాడని రేపు పేపర్లో రెండు లైన్లు వస్తాయి. ఈ బంతి అందకపోతే ఆ రెండు లైన్లే నిజమవుతాయి.

నూట ముప్పై. అడుగులు దగ్గరపడ్డాయి. ఆయన ఊపిరి వినిపిస్తోంది.

నూట అరవై.

వెనక ఫోన్ మోగింది.

అడుగులు నెమ్మదించాయి. ఆగాయి.

చివరి మెట్టెక్కి ఆమె వెనక్కి చూసింది. బాతెస్తి పది మెట్ల కింద నిలబడి ఫోన్ వింటున్నాడు. తల ఊపాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కోపం లేదు. కంగారు లేదు. బండి వెళ్ళిపోయాక స్టేషన్‌లో నిలబడ్డ మనిషిలా ఆమె వైపు చూశాడు, అంతే.

ముందు వీధి. ఈ పక్క పేవ్‌మెంట్ ఈ దేశం, ఆ పక్క పేవ్‌మెంట్ ఫ్రాన్సు. మధ్యలో గోడ లేదు, గీత లేదు. ఇక్కడి సెక్యూరిటీ వాడి మాట అక్కడ చెల్లదు. అందుకే ఆగాడనుకుంది.

రోడ్డు దాటింది. ఆరు యాభై ఎనిమిది.

బయటపడ్డాను అనుకుంది.

కఫే మిమోసా కిటకిటలాడుతోంది. డాబా అంచు నుంచి ట్రాక్ మలుపు ఒకటి కనిపిస్తుంది కాబట్టి ఈ వారం కుర్చీకి కుర్చీ అతుక్కుపోయి ఉంటుంది. టీవీలో కార్ల రొద, కింద నిజం కార్ల రొద. పెనం మీద సొక్కా అనే అట్టు కాలుతున్న వాసన. శనగపిండి కమ్మదనానికి కడుపులో ఆకలి కదిలింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

యజమానురాలు జినెత్ అరుస్తూ తిరుగుతోంది. భారీ మనిషి. అందరికీ అత్తగారిలాంటిది.

మూల బల్ల దగ్గర మీగడ రంగు సూటు. తెల్ల జుట్టు. ముందు ఒక గ్లాసు, పక్కన మడిచిన పేపరు.

“ఎలియాన్ గారా? కూర్చోండి. కూర్చోండి ముందు.”

అదే మెత్తని గొంతు. ఎలియాన్ కుర్చీలో కూలబడింది. వియాల్ నీళ్ళ గ్లాసు జరిపాడు. ఆమె బుగ్గ చూపించింది.

ఆయన కళ్ళు వెలిగాయి. తెలివైనదానివమ్మా అన్నాడు. ఒరెంగో పోయాడని విని గుండె తరుక్కుపోయిందన్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఎవరో ఒకరు ఆ పేరు ప్రేమగా పలికారు, అది చాలు. బంతిని అరచేతిలోకి తీద్దామని చెయ్యి నోటి దగ్గరకు తెచ్చింది.

పక్క బల్ల వాళ్ళు ఇటు తిరిగారు.

“ఇక్కడొద్దు” అన్నాడు వియాల్. “జనం. వెనక నా కారుంది, అక్కడ చూద్దాం.”

లేచాడు.

లేస్తూ, బల్ల మీద...

అరచేతులు మెల్లగా తట్టాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు.

ఎలియాన్ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

జన్మలో కాసినో గడప తొక్కలేదన్న మనిషి!

అన్నీ ఒక్కసారే కుదురుకున్నాయి, బంతి గడిలో పడ్డట్టు. ఈ సాయంత్రం ఒరెంగో ఫోన్ చేసింది ఒక్కడికే. అరగంటకి శవమయ్యాడు. ఆమె ఫోన్ చేసింది కూడా ఆ ఒక్కడికే. మెట్ల మీద బాతెస్తికి ఎవరో ఫోన్ చేశారు. అప్పుడు ఆగాడు. ఆయన ఆమెని తరమలేదు... ఆఖరికి తోలాడు. కెమెరాలున్న ఊళ్ళోంచి, కెమెరాల్లేని ఈ మూలకి.

వియాల్ ఆమె కళ్ళు చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. చిన్నగా నిట్టూర్చి మళ్ళీ కూర్చున్నాడు.

“చదువుకునే రోజుల్లో ఆరేళ్ళు ఓడల మీది జూదశాలల్లో చక్రం తిప్పాను” అన్నాడు. “ముప్పై ఏళ్ళయింది. బుర్ర మర్చిపోతుంది గాని చేతులు మర్చిపోవు.”

మడిచిన పేపరు కింద ఏదో కదిలింది. నల్లని గొట్టం అంచు. సరిగ్గా ఆమె పొట్టకి ఎదురుగా.

“నాప్కిన్‌లో ఉమ్మెయ్యి.”

ఆమె పెదాలు బిగించింది.

“నీ మంచికే చెబుతున్నా. బంతి లేకపోతే నువ్వెవరు? డ్యూటీలోంచి పారిపోయిన క్రూపియేవి. ఏం చెప్పినా ఎవరూ వినరు. ఇంటికి పో, కూతురికి వండిపెట్టుకో. ఉమ్మెయ్.”

వెనక గోడ. ముందు తుపాకీ. ఎడమ పక్క జనం, కుర్చీలు దాటి వెళ్ళేలోగా తూటా ముందుంటుంది. రోడ్డు దాటితే పెనం మీంచి పొయ్యిలో పడింది.

ఉమ్మేస్తే ఒరెంగో జారి పడ్డవాడే. ఎప్పటికీ.

ఎలియాన్ నీళ్ళ గ్లాసు ఎత్తింది. ఉమ్మడానికి నోరు కడుక్కుంటోందనుకున్నాడు వియాల్.

ఆమె మింగింది.

గొంతులో నిప్పు. అడ్డం పడింది... ఊపిరి లేదు... ఇంకో గుక్క... కిందికి... ఇంకా కిందికి... దిగింది!

గ్లాసు కింద పెట్టింది. అరగంటలో మొదటిసారి మాట్లాడ్డానికి నోరు తెరిచింది.

“ఇప్పుడు కాల్చండి లాయర్ గారూ.” గొంతు గరగరలాడింది. “తూటా తగిలి పోయిన మనిషిని కోసి చూడకుండా పూడ్చిపెట్టరు. చట్టం తెలిసినవాళ్ళు, మీకు నేను చెప్పాలా?”

బంతి ఆమె గొంతు దిగింది. వియాల్ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

ఒక్క క్షణమే. తేరుకున్నాడు.

“అయితే కారెక్కు. రెండు రోజుల్లో అదే బయటికొస్తుంది. నాకు ఓపిక ఎక్కువ. తర్వాత నిన్ను ఎవరూ కోయక్కర్లేదు, సముద్రం లోతైంది.”

పేపరు ముందుకు జరిగింది. “లే.”

లేచింది ఎలియాన్. సగం లేచింది. రెండు చేతులతో గొంతు పట్టుకుంది. బల్ల మీదికి విరుచుకుపడింది. గ్లాసు నేల మీద భళ్ళుమంది.

కఫే మొత్తం ఇటు తిరిగింది.

“ఏదో మింగేసింది! చూడండి, ఊపిరాడ్డం లేదు!” ఎవరో అరిచారు. జినెత్ కుర్చీలు తోసుకుంటూ వచ్చేసింది. ప్రథమ చికిత్స చేసే ఫైర్ వాళ్ళని పిలవమని కేకేసింది. పోటీ వారం కదా, అంబులెన్సు వీధి చివరే ఉంది. చుట్టూ నలభై మంది మూగారు. నలభై జతల కళ్ళు.

వియాల్ కదల్లేదు. కుడిచెయ్యి పేపరు కిందే ఉంది. తీయలేడు. ఉంచలేడు.

“అలా బొమ్మలా కూర్చుంటారేం లాయర్ గారూ?” జినెత్ మండిపడింది. “మీ బల్ల దగ్గర మనిషి పోతుంటే! వీపు మీద తట్టండి. గాలి, గాలి రానివ్వండి!”

విసరడానికి చేతికందింది లాగేసుకుంది.

పేపరు.

జినెత్ చెయ్యి గాల్లోనే ఆగింది. నలభై మందీ ఒకే చోటుకి చూశారు. మీగడ రంగు సూటు చేతిలో నల్ల పిస్తోలు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

టీవీలో కార్లు తిరుగుతున్నాయి.

ఎలియాన్ బల్ల మీంచి తలెత్తింది. దగ్గలేదు. ఊపిరి బాగానే ఆడుతోంది.

“నన్ను కాదు” అంది జినెత్‌తో. “ఆయన్ని పట్టుకోండి. నా కడుపులో ఉన్నదానికి ఎక్స్‌రే తీయిస్తే చాలు, ఒరెంగో ఎందుకు పోయాడో తెలుస్తుంది.”

వీధి చివర సైరన్ మొదలైంది. వియాల్ చుట్టూ చూశాడు. వెనక గోడ. ముందు జనం. ఎడమ పక్క కుర్చీలు. రెండు నిమిషాల క్రితం ఆమెకి ఎన్ని దారులున్నాయో ఇప్పుడు ఆయనకీ అన్నే ఉన్నాయి.

“అది కింద పెట్టండి” అంది జినెత్. అడుగు వెనక్కి వెయ్యలేదు. “పెట్టి, చేతులు చూపించండి.”

వియాల్ వేళ్ళు వదులయ్యాయి. పిస్తోలు బల్ల మీద పడింది. ఎవరో దాన్ని లాగేశారు. ఆయన మెల్లగా లేచాడు.

లేస్తూ అరచేతులు తట్టాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు.